మోనిక పెళ్ళి కల

పదకొండు దాటి పది నిమిషాలైంది, పెంచలమ్మ రాలేదు. పదకొండింటికి రమ్మంటే పదిన్నరకే వచ్చి, బయట బెంచీ చివర, పక్కన ఇంకా నలుగురు కూర్చోవాలన్నట్టు ఒదిగి కూర్చునే మనిషి. పిలిస్తే లేచేది, పిలవకపోతే సాయంత్రం దాకా అయినా అలాగే కూర్చునేలా ఉండేది. ఎనిమిది మంగళవారాలు ఒక్కటీ తప్పకుండా వచ్చింది. నగరి నుంచి తిరుపతికి బస్సు, బస్టాండు నుంచి బైరాగిపట్టెడకు షేర్ ఆటో, ఆటో దిగాక కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కి పైకి. వానొచ్చిన మంగళవారం కూడా చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ వచ్చింది. అటువంటి మనిషి ఇవాళ రాలేదు. కౌన్సెలింగ్ చేసే ఉదయలక్ష్మి కుర్చీలోంచి లేవలేదు. తను నేర్చుకున్న పద్ధతి అది. ఆ గంట మనసు బాగాలేక వచ్చేవాళ్ళది, వాళ్ళు వచ్చినా వాళ్ళదే, రాకపోయినా వాళ్ళదే, అంతసేపూ ఆ గదిలో వాళ్ళకోసం కూర్చోవలసిందే, ఫోను చూడకూడదు, ఇంకో పని పెట్టుకోకూడదు. ఇరవయ్యేళ్ళుగా ఆ నియమం పాటిస్తోంది, విసుక్కుంటూ పాటించింది, కునుకు తీస్తూ కూడా పాటించింది, ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది. ఇవాళ కునుకు రావడం లేదు.  బస్సు ఆలస్యమై ఉంటుంది. పుత్తూరు దగ్గర రోడ్డు పని జరుగుతూ ఉంటుంది, అదెప్పుడు జరగడం లేదు గనక.

కింద కొట్టులో ఎవరో మిషను తొక్కి చూస్తున్నారు, టకటకటక, ఆగి, మళ్ళీ టకటక. మొదటిరోజు ఆ చప్పుడే పెంచలమ్మను కాస్త కుదుటపరిచింది. "మా ఇంట్లో ఆరు మగ్గాలు ఆడతా ఉంటాయి మేడం, పవర్‌లూములు. చప్పుడుంటే నిద్రపడతాది, కరెంటు పోయి మగ్గాలు ఆగితేనే మాకు మెలకువ" అని నవ్వబోయి, నవ్వడం తప్పన్నట్టు పెదవి బిగించుకుంది. యాభై రెండేళ్ళ మనిషి. ఆ రోజు మొగుడు ఢిల్లీబాబు వెంట వచ్చి, "నిద్రపోదు మేడం. నిద్రొస్తే లేచి కూసుంటాది. పండుకుంటే కలొస్తాదంట" అని ఉన్న సంగతి మూడు ముక్కల్లో చెప్పేసి, ఆపైన ఆ గదిలో తనకేం పని లేనట్టు బయటికి వెళ్ళి నిలబడ్డాడు. కూతురు మోనిక. ఒక్కతే కూతురు. పందొమ్మిదో ఏట రెండు కిడ్నీలూ పాడయ్యాయి, ఇరవైమూడో ఏట పోయింది. మధ్యలో నాలుగేళ్ళు, వారానికి మూడుసార్లు, ఆ తల్లి ఆ పిల్ల తలను ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇదే తిరుపతికి డయాలసిస్‌కు తెచ్చింది. నా కిడ్నీ తీసుకోండి అంది; షుగరున్న మనిషిది పనికిరాదన్నారు. పిల్ల పోయి మూడేళ్ళు. ఇప్పుడు అదే బస్సులో అదే కిటికీ పక్క సీటులో ఒక్కతే వస్తుంది. ఆ మాట చెప్పినప్పుడు ఉదయలక్ష్మి పెన్ను పక్కన పెట్టేసింది. తనకూ ఒక కూతురుంది, పల్లవి, బెంగళూరులో చదువుతోంది, ఫోను ఎత్తదు, ఎత్తినా "ఏంటమ్మా" అని విసుక్కుంటుంది. ఆ విసుగు వినబడితే చాలు, బతికి ఉంది, ఆరోగ్యంగా ఉంది. ఆరోగ్యం లేని పిల్లలకు విసుక్కునే ఓపిక కూడా ఉండదు.

కల ఒక్కటే. వారానికి రెండుసార్లు, ఒక్కోవారం మూడుసార్లు. ఈ పనిలో కలను ఎప్పుడో జరిగిపోయినట్టు చెప్పనివ్వకూడదు, ఇప్పుడు కళ్ళముందు జరుగుతున్నట్టు చెప్పించాలి. ఎక్కడున్నారు, కాళ్ళకింద ఏముంది, వెలుతురు ఎటునుంచి వస్తోంది, పక్కన ఎవరు. పెంచలమ్మ మొదట సిగ్గుపడింది, కళ్ళు మూసుకుంటే నవ్వుతారేమో అన్నట్టు ఒక కన్ను సగం తెరిచి పెట్టుకుంది, నాలుగో వారానికి గాని రెండూ మూయలేదు. "మా మగ్గాల కొట్టమే మేడం. మగ్గాలు లేవు, ఎవురో తీసి బయటేసినారు. పందిరేసినారు. పాప పెండ్లిపీట మీద కూసోనుండాది. కుంకం రంగు పట్టుచీర. నేను తల్లో పూలు పెడతా ఉండాను. పాప ఎడమ చెయ్యి నున్నగా ఉండాది మేడం, సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయినాదే ఆ చెయ్యి, ఆడ ఏమీ లేదు. అందురూ ఆకుల ముందర కూసోని తింటా ఉండారు. మేళం లేదు." పెళ్ళికొడుకు? "కనపడడు మేడం. ఉండాడని తెలస్తా ఉంటాది, కనపడడు." ఉదయలక్ష్మి పీట గురించి అడిగింది, చీర గురించి అడిగింది, నున్నటి చెయ్యి గురించి అడిగితే పెంచలమ్మ ఏడ్చింది, ఏడవనిచ్చింది. పీడకలకు మెలకువలో ఇంకో ముగింపు కట్టుకుని, దాన్ని రోజూ పగటిపూట మనసులో ఒకసారి నడిపించుకుంటే కల మెత్తబడుతుందని ఒక పద్ధతి ఉంది, అదీ చెప్పింది. మీకు నచ్చినట్టు మార్చుకోండి అంది. పెంచలమ్మ "పెండ్లి యాడ ఆపేది మేడం, అంతమంది ఆకుల ముందర కూసోనుంటే" అంది. ఉదయలక్ష్మికి నవ్వొచ్చింది, నవ్వింది కూడా. ఏ తల్లి అయినా కూతురి పెళ్ళి ఎందుకు ఆపాలనుకుంటుంది? ఆ ప్రశ్న అప్పుడు రాలేదు. ఇప్పుడొచ్చింది, పదకొండూ ఇరవైకి, ఖాళీ కుర్చీ ఎదుట.

పోయిన మంగళవారం. పోయిన మంగళవారం బాగా జరిగింది కదా. బాగా జరిగిందనే కదా రాసుకుంది. ఆ కలలో మీకెలా ఉంటుంది పెంచలమ్మగారూ, భయమా, ఏడుపా, అని అడిగితే ఆమె తల బాగా వంచేసింది, మెడ వెనక పసుపుతాడు కనబడేంత వంచి, లోగొంతుకతో, "సంతోషంగా ఉంటాది మేడం" అంది. అప్పుడు ఉదయలక్ష్మి లోపల ఏదో పొంగింది. దొరికింది అనుకుంది. ఏడు వారాలుగా తడుముకుంటున్న తలుపు గడియ చేతికి తగిలినట్టయింది. ఎదిగిన కూతురు, పెళ్ళి చూడని తల్లి, చూడలేకపోయిన సంతోషం కలలో చూసుకుంటోంది, అంతే కదా, ఎంత తేటగా ఉంది! ఆగలేకపోయింది. "పెంచలమ్మగారూ, ఇది చెడ్డ కల కాదు. మీ మనసు కోరుకున్నదే కలగా వస్తోంది. ఆ కోరిక మీదే. దాన్ని చూసి మీరు భయపడాల్సిన పని లేదు" అని చెప్పింది. గొంతు ఎంత మెత్తగా పెట్టి చెప్పిందో కూడా గుర్తుంది. పెంచలమ్మ తలెత్తి చూసింది. "నా కోరికేనా మేడం?" అంది. "మీదే" అంది తను. మళ్ళీ, "నాదేనా?" అంది. "ముమ్మాటికీ మీదే" అంది తను. ముమ్మాటికీ అట! పెంచలమ్మ కాసేపు గోడకేసి చూసి, "తెలిసిపోయిందిలే మేడం ఇంక" అని లేచి, ఇంకా పావుగంట ఉండగానే లేచి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్ళింది. ఎప్పుడూ దండం పెట్టని మనిషి. వెళ్ళాక ఉదయలక్ష్మి పుస్తకంలో రాసుకుంది, కల అర్థమైంది, మంచి మలుపు, అని. రాసి కింద గీత కూడా గీసింది.

చదువు చెప్పిన దేవరాజులు సారు ఉంటే ఆ గీత చూసి ఏమనేవాడో. కల కన్నవాళ్ళ సొత్తు, మనం దాంట్లోకి చుట్టపుచూపుగా పోయేవాళ్ళం, చెప్పులు బయట విడిచి పోవాల అనేవాడు ఆయన, తరగతిలో అందరూ పడీపడీ రాసుకునేవాళ్ళు. పరీక్షలో అడిగితే తనూ రాసింది, మార్కులూ వచ్చాయి. కలకు అర్థం చెప్పాలన్న దురద మీకే ఎక్కువగా ఉంటుంది, వాళ్ళకుండదు, దురద పుట్టినప్పుడు చేతులు ముడుచుకుని కూర్చోండి అనేవాడు. తను ముడుచుకోలేదు. ఏం తొందర? ఆమె ఏడుపు చూడలేకనా, ఏడు వారాలైనా ఏమీ జరగడం లేదన్న చిన్నతనమా? వీధిలో మేళం. కిటికీలోంచి చూస్తే పెళ్ళివాళ్ళ వ్యాను, కొండమీద పెళ్ళి చేసుకుని దిగొచ్చినట్టున్నారు, ముందు సీటులో పెళ్ళికొడుకు బాసికం తీయకుండానే నిద్రపోతున్నాడు, వెనక నాదస్వరం అతను ఊరకే ఉండలేక ఊదుతున్నాడు, ఎవరో చిన్నపిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. వ్యాను మలుపు తిరిగేదాకా చూసి, వచ్చి కూర్చుని, పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చదవసాగింది. రెండోవారం రాసుకున్నది. కల మొదటిసారి ఎప్పుడొచ్చింది? మోనిక ఆసుపత్రిలో ఉండగా, వార్డులో మంచం పక్కన చాప మీద పడుకుని ఉంటే వచ్చింది. చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందు.

తొమ్మిది రోజుల ముందు. తన చేతిరాతే. రాసింది, చదువుకుంది, ఏడు వారాలు దానిమీదుగా పేజీలు తిప్పింది. అంటే పిల్ల బతికుండగా వచ్చిన కల. పోయినవాళ్ళు కలలోకి రావడం కాదు. బతికున్న పిల్లకు కలలో పెళ్ళి. తన అవ్వ లేచి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నట్టయింది. మునెమ్మ అవ్వ, పుట్టినూరు ఐరాలలో, చెరకు తోట గట్టు మీద, పొద్దున్నే. తనకు తొమ్మిదేళ్ళు. నిద్రలేచి వస్తూనే, "అవ్వా, నాయనకి పెండ్లంట! నాయన తలపాగా కట్టుకోని నవ్వతా ఉండాడు, కల్లో!" అని గంతులేసింది. అవ్వ చెయ్యి ఎప్పుడు లేచిందో తెలియదు, మూతి మీద ఒక్కటి పడింది. "నోరు మూసుకోమే పాపిష్టిదానా! పెండ్లి కనపడిందా? ఇంగెవురితోనైనా చెప్తివా?" అవ్వ మొహంలో అటువంటి భయం అంతకుముందు చూడలేదు. కలలో పెళ్ళి కనబడితే ఆ మనిషికి చావు. కలలో చచ్చినట్టు కనబడితే ఆయుస్సు పెరిగినట్టు, పెళ్ళి కనబడితే చావు. ఇది ఆ పక్క పల్లెల్లో ఎవరూ నేర్పరు, అందరికీ వస్తుంది. చెడ్డ కలను మనుషులతో చెప్పకూడదు, పారే నీళ్ళకు చెప్పాలి, నీళ్ళు మోసుకుపోతాయి. నీళ్ళు పారాలంటే బావి మోటారు ఆడాలి, మోటారు ఆడాలంటే కరెంటు రావాలి, ఆ వారం తమ లైనుకు కరెంటు పదింటికి. పదింటిదాకా అవ్వ తనను మోటారుకొట్టం ముందు కూర్చోబెట్టి, ఎవరితో మాట్లాడకుండా కాపలా కాసింది. నాయన గంగాధరం నీళ్ళు మళ్ళించడానికి పారతో అటుగా వస్తే, "ఈ పొద్దు నువ్వు మడవ కాడికి రావద్దు, ఇంటికి పో" అని గదమాయించింది. ఎందుకో తెలియక ఆయన బుర్ర గోక్కుంటూ వెళ్ళిపోయాడు. కరెంటొచ్చి గొట్టంలోంచి నీళ్ళు దబదబ దూకాక, తను తొట్టిలోకి వంగి కల అంతా చెప్పింది. పరిగెత్తే నీళ్ళతో మాట్లాడటం భలే ఉండింది. నాయన ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు బతికాడు. పెద్ద చదువులో ఎవరెవరి ఊళ్ళో ఏమేం నమ్ముతారో చెప్పమంటే తను ఈ కథ చెప్పి తరగతంతా నవ్వించింది, కరెంటు కోసం కాచుకున్న పీడకల అని. నవ్వించి, ఆ నమ్మకాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి పారేసింది.

అయితే పెంచలమ్మకు తను చెప్పిందేమిటి? చేతులు మొహం మీద పెట్టుకుంది. అమ్మా, అమ్మా. కూతురి చావు నీ కోరికే అని చెప్పింది. సంతోషంగా ఉంటాది మేడం అని ఆ తల్లి తల వంచుకుని చెప్పుకున్న నేరానికి, అవును, నువ్వు కోరుకున్నదే, ముమ్మాటికీ నీదే అని తీర్పు ఇచ్చింది. పైగా భయపడాల్సిన పని లేదట! ఆమె ఏనాడూ పెండ్లి కలంటే చావని నోటితో చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? ఇంటిపేరడిగి, తనది ఐరాల అని తెలుసుకుని, "మన పక్కే కదా మేడం" అని మొదటిరోజే ఊపిరి పీల్చుకున్న మనిషి, ఈమెకు తెలియకపోవడమేమిటి అనుకునుంటుంది. తనేమో, ఈమె మనపక్కే కదా, ఈమె మాటలో నాకు తెలియనిదేముంది అనుకుంది. ఏ ఢిల్లీ నుంచో వచ్చిన మనిషి ఈ కుర్చీలో కూర్చుని ఉంటే అడిగేది, పెళ్ళంటే మీకు భయమెందుకు అని. ఒకే పక్క నీళ్ళు తాగినవాళ్ళం కాబట్టి ఇద్దరం అడగలేదు, చెప్పలేదు. ఎంత పని చేశావే ఉదయలక్ష్మీ. తెలిసిపోయిందిలే మేడం ఇంక, అంది. దండం పెట్టింది. ఏం తెలిసిపోయింది? దేనికి దండం? తిరుపతికి వచ్చే రైలు పట్టాలు కూడా నగరి మీదుగానే పోతాయి. ఆ ఆలోచన వచ్చిన వెంటనే నియమం గియమం ఏమీ మిగలలేదు, ఫోను తీసింది. పెంచలమ్మ నంబరు మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగి ఆగిపోయింది.

ఢిల్లీబాబుకు చేసింది. ఎత్తగానే మగ్గాల హోరు, ఆ హోరులోంచి అతని కేక. "మేడం! ఏడింటి బస్సుకే వచ్చేసిందే మేడం! రాలేదా ఆడికి?" దారిలో ఉంటారులెండి, ఫోను ఎత్తకపోతే చేశాను అంది ఉదయలక్ష్మి, తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. ఏడింటి బస్సు తొమ్మిదిన్నరకల్లా తిరుపతిలో ఉంటుంది. ఢిల్లీబాబు హోరు లేని చోటికి నడిచినట్టున్నాడు, గొంతు తగ్గించి, "మేడం, మీకు చెప్పాలనుకుంటా ఉండాను. వారం నించి బాగుండాది. ఇల్లంతా కడిగింది. పాప గుడ్డలుండె గదా, మూడేండ్లుగా బీరువా తెరవనియ్యలే, మొన్న తనే తీసి మడతలు పెట్టి వీధిలో ఆడపిల్లోళ్ళకి ఇచ్చేసింది. నాతో మాట్లాడతా ఉండాది. మీ పుణ్యమే మేడం. మీ కాళ్ళకి మొక్కినా తప్పులేదు" అన్నాడు. ఉదయలక్ష్మి సరేనండి, సరేనండి అని ఫోను పెట్టేసింది. ఉన్నట్టుండి నెమ్మది. వస్తువులు ఇచ్చేయడం. ఇల్లు సర్దేయడం. ప్రాణం తీసుకోబోయేవాళ్ళలో కనబడతాయని ఏ పుస్తకం తెరిచినా ఉండే మూడు గుర్తులు, పిల్లలకు కూడా నేర్పే గుర్తులు. అవి ఆ ఇంట్లో వారంపాటు జరుగుతుంటే ఆ మొగుడు సంబరపడుతున్నాడు, తనను పొగుడుతున్నాడు. పోలీసులకు చెప్పాలా? ఏమని చెప్పాలి, ఒక కల గురించి నేనొక మాటన్నాను అనా? రైల్వేస్టేషనుకు పరిగెత్తాలా? ఎంత పెద్ద ఊరు ఇది, రోజుకు ఎన్ని వేలమంది దిగుతారు, గుండు చేయించుకుని టోపీలు పెట్టుకుని తిరిగే ఇన్ని వేలమందిలో, వెలిసిపోయిన నీలం నూలుచీర కట్టుకున్న సన్నటి మనిషిని ఎక్కడని వెతకాలి? లేచింది, కూర్చుంది, చెప్పులు వేసుకుంది. దేవుడా, ఒక్కసారి ఆమెను ఈ గదిలోకి తెచ్చి కూర్చోబెట్టు. ఇంక జన్మలో ఎవరి కలకూ అర్థం చెప్పను.

మెట్లమీద అడుగుల చప్పుడు. పరుగున తలుపు తీసింది. సంతోషమ్మ. ఆ గదులు ఊడ్చి, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే మనిషి, మంగళవారం కాబట్టి గంగమ్మ గుడికి పోయి పన్నెండు కావస్తుండగా వచ్చింది, నుదుట పావలా అంత కుంకుమ, చేతిలో నిమ్మకాయలు. "ఏంది మేడం అట్ల ఉండారు, జరమా?" అని, జవాబు కోసం చూడకుండా, "మీ నగరి ఆమె ఏమి పైకి రాలేదు? ఎదురుగా ఆ మూసిన బట్టల కొట్టు లేదా, ఆ అరుగు మీద కూసోనుండాది. నేను పదింటికి గుడికి పోయేటప్పుడూ ఆడనే ఉండె, ఇప్పుడూ ఆడనే ఉండాది. పైకి పోరాదా అంటే పోతాలే అనె" అంది. ఉదయలక్ష్మి ఆమె భుజం పట్టుకుని పక్కకు జరిపి మెట్లు దిగింది, దిగిందో దూకిందో. కిటికీలోంచి ఇందాక చూసినప్పుడు కొట్టు రేకు పందిరి అడ్డమయింది, అరుగు కనబడలేదు. ఆటో ఒకటి తిట్టుకుంటూ బ్రేకు వేసింది. అరుగు మీద, గోడకు ఆనుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, పెంచలమ్మ. బతికుంది. ఉదయలక్ష్మి ఆ దుమ్ము అరుగు మీదే, ఆమె పక్కన, ఇస్త్రీ చీరతో చతికిలబడింది.

పెంచలమ్మ గాభరాగా లేవబోయింది. ఉదయలక్ష్మి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఎనిమిది వారాలుగా గారూ అని పిలిచిన నోటికి ఆ మాట ఎలా వచ్చిందో వచ్చేసింది, "అక్కా" అని. "అక్కా, పోయిన వారం నేను చెప్పింది తప్పు. కల్లో పెండ్లి కనపడితే ఏమంటారో నాకు తెలుసు. మా అవ్వ చెప్పింది నాకు, చిన్నప్పుడే. తెలిసి కూడా మర్చిపోయి అట్లాంటి మాట అనేసినాను. పాప పోవాలని నువ్వు కోరుకోలేదు. ఏ తల్లీ కోరుకోదు. నీ తప్పు ఏం లేదక్కా." ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసి, చెప్పినందుకు గుండె తేలికై, ఆమె మొహంలోకి చూసింది. ఆ మొహంలో తేలిక ఏమీ లేదు. ఇందాకటిదాకా ఉన్న ఏదో వెలుగు కూడా తగ్గినట్టుంది. పెంచలమ్మ సంచి మూతి చుట్టూ తాడు తిప్పుతూ ఉండిపోయింది.

"మీకు తెలిసే చెప్పినారనుకుంటిని" అంది చివరికి. "మూడేండ్ల తర్వాత ఈ వారం నిద్రపోయినా మేడం. మగ్గాలు ఆగినా మెలకువ రాలే. ఇంట్లో, వీధిలో, ఆసుపత్రిలో, అందురూ ఒకటే మాట, నీ తప్పేమీ లేదు, నువ్వు చేసినట్టు ఎవురు చేస్తారు, అని. ఆ మాట ఇనబడినప్పుడంతా గొంతు పిసికినట్టుంటాది. మీరొక్కరే అన్నారు, నీ కోరికే అని. అబ్బ, ఒకరికి తెలిసిపోయింది, ఇంక దాచేపని లేదు అనుకుంటి. పాప గుడ్డలు కూడా తీసి చూడగలిగినా." ఆగింది. ఒక షేర్ ఆటో వచ్చి మనుషులను దింపి వెళ్ళింది. "ఆ పొద్దు వార్డులో చాప మీద పండుకోనుంటి. పైన మంచం మీద పాప మూలగతా ఉండె. ఆపకుండా మూలగతా ఉండె. నాలుగు దినాలు నాకు నిద్ర లేదు. సామీ, తీసకపో దీన్ని అని అడిగినా మేడం. దాని నొప్పి సూడలేక కాదు. నాకు నిద్రొస్తా ఉండె. దానికే అడిగినా. అడిగి నిద్రపోయినా. అప్పుడొచ్చె ఆ పెండ్లి."

ఉదయలక్ష్మి నోరు తెరిచింది. నాలుగు రోజులు నిద్రలేని ఎవరైనా అలాగే అంటారు, అది కోరిక కాదు, అలసట, అన్న మాటలు వరసకట్టి నాలుక చివరకు వచ్చి నిలబడ్డాయి. పెంచలమ్మ ఆమె నోటివైపే చూస్తోంది, దెబ్బ తప్పించుకోలేనివాళ్ళు చేతివైపు చూసినట్టు.

"పైకొచ్చి ఇది చెప్పాలనే వచ్చినా పొద్దున్నే" అంది. "మెట్లు ఎక్కలేకపోయినా. చెప్తే మీరు కూడా అట్లేం కాదులే అంటారేమో అని బయం. ఇప్పుడు అననే అన్నారు."

 పోయిన వారం ఉదయలక్ష్మి ఆమె కలను లాక్కుంది. ఇప్పుడు పరిగెత్తుకొచ్చి ఆమె నేరాన్ని లాక్కోబోయింది. సిగ్గుతో ఏడుపు వచ్చింది, ఆపుకుంది, ఈ అరుగు మీద ఏడవాల్సింది తను కాదు. నాలుక చివర నిలబడ్డ మాటలన్నీ ఒక్కొక్కటే మింగింది. కుట్టుమిషన్ల కొట్టు ముందు సంతోషమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని వాళ్ళనే చూస్తోంది; ఉదయలక్ష్మి ఆమెను వెళ్ళమని కళ్ళతోనే చెప్పింది. పన్నెండు దాటింది, ఇంకొకరెవరో రావలసిన వేళ, రానీ, కూర్చుంటారు.

"ఏమని అడిగినావక్కా ఆ పొద్దు?" అంది. "అడిగింది అడిగినట్టు చెప్పు."

పెంచలమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. ఉదయలక్ష్మి నిజంగానే అడుగుతోందా, మాటవరసకు అడుగుతోందా అని ఒకసారి పరీక్షగా చూసింది. తర్వాత రోడ్డు వైపు తిరిగి, దేవుణ్ణి ఏ పేరుతో పిలిచిందో, ఎన్నిసార్లు పిలిచిందో, కూతురిని ఏ మాటతో తిట్టిందో, తీసుకుపొమ్మని ఎలా బతిమాలిందో, ఒక్క మాట తగ్గించకుండా మొదటినుంచి చెప్పసాగింది. ఉదయలక్ష్మి కాదనలేదు.